కడపలో సిమ్ముకైనా, సెకండ్ హ్యాండ్ ఫోనుకైనా నేను పోయే షాపు

ముందే చెప్పేస్తా, షాపు పేరు రాయడం లేదు. ఆయనే వద్దన్నాడు. "పేరు రాస్తే జనం ఎక్కువ వస్తారు సార్, ఒక్కొక్కరి దగ్గర ఇంతసేపు కూర్చుని చూపించలేను, అప్పుడు నేను కూడా గబగబా పంపించేస్తా" అన్నాడు. ఆ మాట న్యాయమే అనిపించింది. కడపలో ఉండేవాళ్లు వెతుక్కుంటే దొరుకుతుంది. వై.వి. స్ట్రీట్ నుంచి లోపలికి పోయే సందుల్లో ఒకదాంట్లో, ఇద్దరు నిలబడితే మూడో మనిషి మెట్టు మీద ఆగాల్సినంత చిన్న షాపు. కౌంటరు వెనక గోడకు స్కెచ్ పెన్నుతో రాసిన అట్ట ఒకటి ఉంటుంది, దాని మీద మూడే నంబర్లు. 14422, 1930, 1909. ఈ మూడూ దేనికో మీకు తెలిస్తే మంచిదే. మా ఇంట్లో ఎవరికీ తెలియదు, అందుకే మా నాయన పేరు మీద మాకు తెలియని సిమ్ములు రెండు ఏడాదిన్నర పాటు ఎక్కడో తిరిగాయి.

ఐదుకు నాలుగున్నర ఇస్తున్నా. ఆ అర ఎందుకు తగ్గించానో తర్వాత చెప్తా.

మాది ఖాజీపేట పక్కన పల్లె. నాయన అరవై దాటిన రైతు, ఆయన చేతిలో ఉండేది కీప్యాడ్ ఫోను. 2025 అక్టోబరులో బోరు మోటరుకు సెల్ స్టార్టర్ పెట్టించాడు, అదే, ఇంట్లో నుంచే ఫోన్ కొడితే మోటరు ఆన్ అయ్యేది. రాత్రిపూట కరెంటు వచ్చినప్పుడు పాముల మధ్య టార్చిలైటు పట్టుకుని చేలోకి పోయే బాధ తప్పుతుందని ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్నాడు. ఆ స్టార్టర్లో వేయడానికి ఒక సిమ్ము కావాలి. నేను కడపలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తా, మా స్కూల్లోనే ఇంకో సార్ చెప్పిన షాపు కదా అని నాయనను అక్కడికి తీసుకుపోయాను.

"మోటరుకు ఒక సిమ్ము ఇయ్యి నాయనా" అన్నాడు మా నాయన. "ఇస్తా పెద్దాయనా, ముందు నీ పేరు మీద ఇప్పటికే ఎన్ని ఉండాయో చూద్దాం" అన్నాడు ఆయన. "ఏం చూసేది, రెండే. ఒకటి నాది, ఒకటి మా ఇంటామెది." "రెండే ఉంటే మంచిదే, రెండు నిమిషాలు కూర్చో" అని స్టూలు జరిపి, కంప్యూటర్ స్క్రీను మా వైపు తిప్పి, మన పేరు మీద ఉన్న సిమ్ములు చూసుకునే కేంద్ర టెలికం శాఖ సైటు సంచార్ సాథీ తెరిచి, కీబోర్డు నా చేతికిచ్చాడు. ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం ఏందంటే, ఓటీపీ ఆయన అడగలేదు. "మీ నాయన ఫోనుకు వస్తుంది సార్, మీరే చూసి మీరే కొట్టండి, నాకు వినిపించేలా చదవొద్దండి" అని పక్కకు పోయి నిలబడ్డాడు. ఇంతవరకు నేను పోయిన ఏ షాపులోనూ ఓటీపీని నాకే వదిలేసినవాళ్లు లేరు, అందరూ ఫోను చేతిలోకి లాక్కుని వాళ్లే కొట్టుకునేవాళ్లు.

లిస్టు వచ్చింది. నాలుగు నంబర్లు.

నంబర్లు పూర్తిగా కనపడవు, మధ్యలో అంకెలు దాచి ఉంటాయి. మొదటి అంకెలు, చివరి అంకెలు చూసి గుర్తుపట్టుకోవాలి. నాయనది ఉంది, అమ్మది ఉంది, మిగతా రెండు ఎవరివో మాకు తెలియదు. నాయన మొహం చూడలేకపోయాను. ఆయన బ్యాంకు అప్పు తప్ప జీవితంలో ఎవరికీ సంతకం పెట్టిన మనిషి కాదు. "నేను తీసుకోల్యా, దేవుని తోడు నేను తీసుకోల్యా" అని ఆ షాపాయనకు రెండుమూడు సార్లు చెప్పాడు, పోలీసులకు చెప్పుకుంటున్నట్టు. ఆయన నవ్వకుండా, తొందరపెట్టకుండా "నువ్వు తీసుకోలేదని నాకు తెలుసు పెద్దాయనా, ఎప్పుడైనా రోడ్డు పక్కన గొడుగు కింద సిమ్ము తీసుకున్నావా?" అని అడిగాడు. అప్పుడు గుర్తొచ్చింది నాయనకు. ఏడాదిన్నర కిందట ఒక ఊళ్లో సంతకు పోయినప్పుడు గొడుగు వేసుకుని ఫ్రీ సిమ్ములు ఇస్తున్న కుర్రోడి దగ్గర అమ్మ కోసం ఒకటి తీసుకున్నాడు. ఆ కుర్రోడు "వేలు సరిగ్గా పడలేదు, మళ్లీ పెట్టు" అని మూడుసార్లు పెట్టించుకున్నాడంట, ఫొటో కూడా రెండుమూడు సార్లు తీశాడంట.

ఇది చాలామందికి జరిగే మోసమే, కానీ రైతులకు ఎందుకు ఎక్కువ జరుగుతుందో ఆ రోజే నాకు అర్థమైంది. మట్టిపని చేసి చేసి నాయన వేలి గీతలు అరిగిపోయాయి. రేషను షాపులో కూడా ఆయన వేలు ఒకసారికి పడదు. కాబట్టి "మళ్లీ పెట్టు" అంటే అనుమానం రాదు, తన వేలిదే తప్పనుకుంటాడు. అరిగిన వేలిని కూడా మోసానికి వాడుకున్నారు చూడండి, నాకు అందుకే కోపం వచ్చింది.

షాపాయన మాతోనే ఆ రెండు నంబర్ల ఎదురుగా "ఇది నా నంబరు కాదు" అనే దాన్ని టిక్ పెట్టించి రిపోర్ట్ చేయించాడు. ఒక టికెట్ నంబరు వచ్చింది, దాన్ని కాగితం మీద రాసి నాయన జేబులో పెట్టాడు. ఇంకో ఆప్షన్ కూడా ఉంటుంది, నంబరు మనదే గానీ ఇక అక్కర్లేదు అని చెప్పేది. ఈ రెండింటికీ తేడా ఉందని, తెలియని నంబరుకు "అక్కర్లేదు" అని పెడితే అది మనదే అని ఒప్పుకున్నట్టవుతుందని ఆయన చెప్తేనే నాకు తట్టింది. నేనొక్కడినే కూర్చుని ఉంటే తొందరలో ఏదో ఒకటి నొక్కేసేవాడిని.

మన పేరు మీద ఎన్ని సిమ్ములు ఉన్నాయో చూసుకునే ఈ సౌకర్యం 2021 ఏప్రిల్‌లో మొట్టమొదట మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకే మొదలైంది. తర్వాత 2023 మే 16న సంచార్ సాథీ పోర్టల్ వచ్చినప్పుడు దేశమంతటికీ దాంట్లో భాగమైంది. మొదట మనకే ఇచ్చిన సౌకర్యం, నాలుగేళ్ల తర్వాత కూడా మా పల్లెలో ఒక్కరికీ తెలియదంటే బాధగా ఉంది. ఒక మనిషి పేరు మీద తొమ్మిది సిమ్ములు దాటకూడదని రూలు ఉంది, జమ్మూ కశ్మీర్, అస్సాం, ఈశాన్య రాష్ట్రాల్లో అయితే ఆరు. 2023 టెలికం చట్టం ప్రకారం ఆ పరిమితి దాటితే మొదటిసారి 50 వేల దాకా, మళ్లీ దాటితే 2 లక్షల దాకా జరిమానా పడొచ్చు. మోసం చేసి వేరేవాళ్ల గుర్తింపుతో సిమ్ము తీసుకుంటే మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా, లేదంటే రెండూ. ఈ సెక్షన్లు చదివితే గట్టిగానే ఉన్నాయి. కానీ గొడుగు కింద కుర్రోడు నాయన వేలిని రెండోసారి పెట్టించుకునేటప్పుడు ఆ సెక్షన్ అక్కడికి రాదు. అక్కడ అడ్డం పడాల్సింది కౌంటరు అవతల మనిషే.

కొత్త సిమ్ము ఎలా ఇచ్చాడో కూడా రాస్తా, ఎందుకంటే నా దృష్టిలో ఈ షాపుకు ఇచ్చిన మార్కుల్లో సగం దానికే. నాయన వేలు ఇక్కడ కూడా మొదటిసారి పడలేదు. ఆయన వెంటనే మళ్లీ పెట్టమనలేదు. ముందు ఫోను తిప్పి, ఫెయిల్ అయినట్టు ఎర్ర అక్షరాల్లో వచ్చింది నాకు చూపించి, అది మూసేసి, తడిగుడ్డతో వేలు తుడిపించి, అప్పుడు రెండోసారి పెట్టించాడు. పని అయ్యాక ఏ నంబరు ఇచ్చాడో, ఏ రోజు ఇచ్చాడో రాసి, తన షాపు స్టాంపు వేసిన చీటీ ఇచ్చాడు. పది రోజుల తర్వాత మళ్లీ సైటులో చూసుకోమన్నాడు. చూశాను. ఒక్కటే పెరిగింది.

ఆయనకు ఈ జాగ్రత్త ఊరికే రాలేదు. 2023 ఆగస్టులో కేంద్రం సిమ్ములు అమ్మేవాళ్ల మీద రూల్స్ ప్రకటించింది, ఆ డిసెంబరు 1 నుంచి అమలు. అమ్మే ప్రతి డీలరూ కంపెనీ దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి, రిజిస్టర్ కానివాళ్ల చేత అమ్మిస్తే కంపెనీకి ఒక్కో డీలరుకు 10 లక్షల జరిమానా. అప్పటికే 52 లక్షల కనెక్షన్లు కట్ చేశామని, 67 వేల మంది డీలర్లను బ్లాక్‌లిస్టులో పెట్టామని అప్పట్లో మంత్రి చెప్పారు. షాపాయన మాటల్లో చెప్పాలంటే, "ఎవుడో చేసిన దానికి మా అందరి మీదా అనుమానం వచ్చింది సార్, దాన్ని పోగొట్టుకోవాలంటే నేను చేసే పని మీ కండ్ల ముందర చేయాల్సిందే."

రీచార్జి సంగతి కూడా చెప్పాలి. స్టార్టర్లో వేసే సిమ్ముకు నెట్ ఎందుకు? మోటరుకు ఫోన్ రింగయితే చాలు. నాయన కీప్యాడ్ ఫోనుకు కూడా అంతే. అయినా ముందు మేము వేయించుకునే చోట ప్రతిసారీ నెట్ ఉన్న ప్యాకే వేసేవాళ్లు, అడిగితే "అన్నీ అట్లే ఉంటాయి" అనేవాళ్లు. ఈయన దగ్గరే మొదటిసారి విన్నాను, 2024 డిసెంబరు 23న టెలికం కంపెనీలకు రూల్స్ పెట్టే సంస్థ ట్రాయ్ ఒక సవరణ తెచ్చిందని, కంపెనీలు కాల్స్, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే పనికొచ్చే ప్యాక్ ఒక్కటైనా పెట్టి తీరాలని, అలాంటి ప్యాకుల గడువు ముందు 90 రోజుల దాకానే ఉండేది ఇప్పుడు 365 రోజుల దాకా పెట్టుకోవచ్చని. ఈ ప్యాకులు కంపెనీ యాపుల్లో కిందెక్కడో ఉంటాయి, మనమే దిగి దిగి వెతకాలి. ఆయన నాయనకు రెండు సిమ్ములకూ అవే వేశాడు. పెద్ద ప్యాక్ వేస్తే తనకు నాలుగు రూపాయలు ఎక్కువ మిగిలేవేమో, ఆ మాటే ఎత్తలేదు.

ఇక డిసెంబరులో చెల్లెలికి ఫోను. డిగ్రీ రెండో ఏడాది, క్లాసులో సగం పని వాట్సాప్ గ్రూపులోనే జరుగుతుంది, దాని ఫోను డిస్‌ప్లే పోయింది. కొత్తది కొనే స్థోమత ఆ నెల లేదు. సెకండ్ హ్యాండ్ అంటే నాకు మొదటి నుంచీ టెన్షన్, ఎవరి దగ్గర కొట్టేసిన ఫోనో, రేపు పోలీసు స్టేషన్ నుంచి ఎవరైనా ఫోన్ చేస్తే ఆడపిల్ల భయపడిపోతుందని. అందుకే ఈ షాపుకే పోయాం.

మేము ఉండగానే ఒక కుర్రోడు ఫోను అమ్మడానికి వచ్చాడు. చాలా మంచి ఫోను, అడిగిన రేటు చాలా తక్కువ, బిల్లు లేదు, డబ్బా లేదు. షాపాయన స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ కొట్టి 15 అంకెల ఐఎంఈఐ నంబరు, అంటే ఫోనుకు ఉండే గుర్తింపు నంబరు, తెచ్చుకున్నాడు. రెండు సిమ్ముల ఫోను కాబట్టి రెండు నంబర్లు ఉంటాయి, రెండూ చూడాలి, చాలామంది మొదటిది చూసి ఆపేస్తారట. ఇంగ్లీషులో KYM (కేవైఎం) అని టైప్ చేసి, ఒక ఖాళీ వదిలి, ఆ నంబరు కొట్టి 14422కు మెసేజ్ పెట్టాడు. గోడ మీది మొదటి నంబరు అదే. జవాబులో వచ్చిన కంపెనీ, మోడల్ చేతిలో ఉన్న ఫోనువి కావు. అంటే ఎవరో ఐఎంఈఐ మార్చేశారు. ఆ కుర్రోడిని దొంగా గింగా అని ఒక్క మాట అనలేదు. ఫోను తుడిచి చేతికిచ్చి "ఇది నువ్వు ఎవరి దగ్గర కొన్నావో నాకు తెలియదు తమ్ముడూ, దీన్ని అమ్మబాకు, వాడబాకు, స్టేషన్లో ఇచ్చేసి చీటీ తీసుకో, ఐఎంఈఐ మార్చిన ఫోను అని తెలిసి దగ్గర పెట్టుకోవడం కూడా నేరమే" అన్నాడు. కుర్రోడు మొహం చిన్నబుచ్చుకుని పోయాడు. నాకు మాత్రం ఆ పది నిమిషాలు చూశాక ఇంకేమీ అడగాల్సిన అవసరం కనపడలేదు.

మాకు ఇచ్చిన ఫోనుకు అదే పరీక్ష చెల్లెలి చేత చేయించాడు, షాపు ఫోను నుంచి కాదు, నా ఫోను నుంచి. కంపెనీ, మోడల్ సరిపోయాయి. బ్లాక్‌లిస్టులో ఉందనో, డూప్లికేట్ అనో, ఇప్పటికే వాడుకలో ఉందనో వస్తే కొనొద్దని అర్థం. డబ్బా మీద స్టిక్కరు, పాత బిల్లు, సెట్టింగ్స్‌లో నంబరు, మూడూ కలిపి చూపించాడు. ఆయన దగ్గర ఒక పొడుగు రిజిస్టర్ ఉంది, కిరాణా కొట్టు ఖాతా పుస్తకం లాంటిదే, దాంట్లో అమ్మినవాళ్ల పేరు, ఐడీ కార్డు జిరాక్సు, ఐఎంఈఐ, సంతకం, కింద కొన్నవాళ్ల సంతకం. అమ్మిన మనిషి తన గూగుల్ అకౌంట్ తీసేసి, ఫోను మొత్తం చెరిపేసి ఇచ్చాడా అని కూడా ఆ పేజీలోనే టిక్ ఉంటుంది. పాత ఓనరు ఫొటోలు కొత్తవాళ్ల చేతిలో పడకూడదని ఈయన పట్టింపు. చెల్లెలికి ఆ టిక్ చూశాకే ధైర్యం వచ్చింది, రేపు తను ఈ ఫోను అమ్మినా తన ఫొటోలకు భయం లేదని.

2025 అక్టోబరు 22న టెలికం సైబర్ సెక్యూరిటీ రూల్స్‌కు సవరణ వచ్చింది, పాత ఫోన్ల వ్యాపారం చేసేవాళ్లు ఐఎంఈఐని కేంద్రం పెట్టిన లిస్టుతో సరిచూసుకోవాలని దాంట్లో ఉంది. ఈయన అంతకు ముందు నుంచే చూస్తున్నాడని రిజిస్టర్ పాత పేజీలు చూస్తే తెలుస్తుంది. ఫోను పోయినవాళ్లకు కూడా ఈయన సాయం చేస్తాడు, డబ్బులు తీసుకోడు. ముందు స్టేషన్లో కంప్లయింట్, తర్వాత అదే నంబరుతో కొత్త సిమ్ము, తర్వాత సైటులో బ్లాక్ చేయమని ఫారం. సిమ్ము మార్చాక 24 గంటలు మెసేజ్‌లు రావు, అది మోసగాళ్లు మన నంబరుతో ఓటీపీలు లాగకుండా పెట్టిన అడ్డు, కాబట్టి ఆ రోజు ఓటీపీ రాలేదని కంగారు పడకుండా మర్నాడు చేయాలి. బ్లాక్ అయితే ఆ ఫోనులో మన దేశంలో ఏ కంపెనీ సిమ్ము వేసినా పనిచేయదు, ఫోను దొరికాక మళ్లీ మనమే అన్‌బ్లాక్ పెట్టుకోవాలి. అందుకే కొన్న రోజే ఐఎంఈఐ ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టుకోమంటాడు, ఫోనులో కాదు, పుస్తకంలో.

మిగతా రెండు నంబర్లు కూడా చెప్పేస్తా. 1930 సైబర్ మోసంలో డబ్బులు పోతే చేయాల్సింది, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. 1909 అక్కర్లేని ప్రచారం కాల్స్, మెసేజ్‌లు ఆపడానికి. 2025 ఫిబ్రవరిలో ట్రాయ్ ఈ కంప్లయింట్ గడువును పెంచింది, ముందు మూడు రోజుల్లోపే చేయాల్సి ఉండేది, ఇప్పుడు ఏడు రోజుల దాకా చేయొచ్చు.

ఒక విషయంలో ఆయనకూ నాకూ మాట పడలేదు. 2025 నవంబరు 28న కేంద్రం ఒక ఆర్డరు ఇచ్చింది, కొత్త ఫోన్లన్నింటిలో సంచార్ సాథీ యాప్ ముందే వేసి ఇవ్వాలని, 90 రోజుల గడువు. దేశమంతా గొడవ అయ్యి డిసెంబరు 3న ఆ తప్పనిసరి తీసేశారు. ఆయన అంటాడు, "తీసేయకుండా ఉంటే బాగుండు సార్. మీ నాయన లాంటోళ్లకు ఎవురు చెప్తారు? ఫోన్లోనే ఉంటే ఒకనాడు నొక్కి చూసేవాళ్లు." నేను ఒప్పుకోలేదు. మా నాయనది కీప్యాడ్ ఫోను, ఆ యాప్ ఆయనకు ఎట్లాగూ రాదు. మంచి పని చేసే యాపే, కానీ కాల్ లాగ్, మెసేజ్‌ల పర్మిషన్లు అడిగే యాప్ ఏదైనా సరే, నా ఫోనులో ఉండాలా వద్దా అనేది నేను తేల్చుకోవాలి, ప్రభుత్వానిదైనా కంపెనీదైనా. పైగా సిమ్ములు చూసుకోవడానికి, ఐఎంఈఐ చూసుకోవడానికి యాప్ అక్కర్లేదు, సైటు ఉంది, 14422 మెసేజ్ ఉంది. ఆ ఆర్డరుకు పెట్టిన పట్టుదలలో కొంచెం పెట్టి ప్రతి సిమ్ముల షాపులో ఈయన గోడ మీది లాంటి అట్ట ఒకటి పెట్టించి, ప్రతి గ్రామ సచివాలయంలో ఒకరోజు కూర్చోబెట్టి చూపిస్తే నాయన లాంటివాళ్లకు నిజంగా చేరుతుంది. ఆయన "అది కూడా నిజమే" అన్నాడు గానీ పూర్తిగా ఒప్పుకోలేదు. చివరికి నేను యాప్ వేసుకున్నా, నా ఇష్టంతో.

ఆ నవంబరు 28నే ఇచ్చిన ఇంకో ఆర్డరు గురించి కడపలో ఎక్కువ మాట్లాడుకోవాలి, ఎవరూ మాట్లాడటం లేదు. వాట్సాప్ లాంటి యాపులు ఏ నంబరుతో తెరిచామో ఆ సిమ్ము ఫోనులో ఉంటేనే పనిచేయాలని, కంప్యూటర్లో తెరిచింది ఆరు గంటలకోసారి దానంతటదే బయటికి వచ్చేయాలని. దానికీ 90 రోజులే గడువు ఇచ్చారు. విదేశాల నుంచి మన నంబర్లతో చేసే మోసాలను ఆపడానికి ఇది పనికొస్తుందని నాకు నమ్మకమే. కానీ మన జిల్లా నుంచి కువైట్ పోయినవాళ్లు ఎంతమంది! మా పెదనాన్న కొడుకు అక్కడే డ్రైవరు. పోగానే మన సిమ్ము తీసేసి అక్కడి సిమ్ము వేసుకుంటాడు, వాట్సాప్ మాత్రం ఇక్కడి నంబరు మీదే, వదినా పిల్లలూ రోజూ రాత్రి మాట్లాడేది దాంతోనే. సిమ్ము ఊళ్లో బీరువాలో ఉంటుంది. షాపాయన కువైట్ ఇళ్లవాళ్లు ఎవరు రీచార్జికి వచ్చినా ముందుగా అడుగుతున్నాడు, "మీ ఆయన సిమ్ము యాడ ఉంది అక్కా, ఆయన దగ్గరా, మీ దగ్గరా?" అని. బీరువాలో ఉందంటే, ఈసారి ఊరికి వచ్చిపోయేవాళ్లతో పంపించమంటున్నాడు, రెండు సిమ్ముల ఫోనులో రెండోదిగా వేసుకోమని. ఈ సలహాకు ఆయనకు పైసా రాదు.

ఇప్పుడు ఆ అర మార్కు. మొదటిది టైము. చెల్లెలి ఫోనుకు గంటన్నర పట్టింది, అమ్మ వెంట ఉంది, కూర్చోవడానికి ఒక్కటే స్టూలు. ఇంకో స్టూలు వేయడానికి చోటు లేదంటాడు, బయట మెట్టు పక్కన వేయొచ్చు. రేటు బేరం చేయడు, అలాంటి ఫోనే బయట ఐదువందలు తక్కువకు దొరికింది, కానీ బయట ఆ రిజిస్టర్ లేదు, అందుకని దీనికి నేను మార్కు తగ్గించలేదు. వారంటీ నెల రోజులే, అదీ చేత్తో రాసిస్తాడు.

అసలు తగ్గించింది మాత్రం దీనికి. బిల్లు లేకపోతే ఫోను కొనడు, ఎంత నమ్మకస్తులైనా సరే. మా స్కూలు ఆయాకు వాళ్ల అన్న ఇచ్చిన ఫోను ఉంది, బిల్లు ఎప్పుడో పోయింది, బిడ్డకు ఒంట్లో బాగాలేక అమ్ముకుందామని వచ్చింది, ఐఎంఈఐ శుభ్రంగా ఉన్నట్టు మెసేజ్ వచ్చింది, అయినా కొనలేదు. ఆమె వేరేచోట సగం రేటుకు ఇచ్చేసింది, అక్కడ ఎవరూ ఏమీ అడగలేదు. ఫోను మంచిదని తేలాక, ఆమె ఆధార్ తీసుకుని, మాలాంటి తెలిసినవాళ్ల సంతకం ఇంకోటి తీసుకుని కొనుంటే రూలూ నిలబడేది, ఆమె కూడా నష్టపోయేది కాదు. ఈ మాట ఆయనకే చెప్పాను. "ఒకరికి సడలిస్తే పదిమంది వస్తారు సార్" అన్నాడు. ఆయన భయం నాకు అర్థమవుతుంది, కానీ ఆ ఆయమ్మ మొహం కూడా గుర్తొస్తుంది.

నాయన రిపోర్ట్ చేసిన రెండు నంబర్లలో ఒకటి నెల దాటాక లిస్టులో నుంచి పోయింది. రెండోది ఇది రాసే నాటికి, అంటే సంక్రాంతి పోయిన వారానికి, ఇంకా విచారణలో ఉన్నట్టే చూపిస్తోంది. ఆ కంపెనీ కస్టమర్ కేర్‌కు మూడుసార్లు ఫోన్ చేశాను, మూడుసార్లూ వేరే వేరే జవాబులు. టికెట్ నంబరు ఉన్న కాగితం నాయన ఇప్పటికీ చొక్కా జేబులోనే పెట్టుకుని తిరుగుతున్నాడు, చొక్కా ఉతికేటప్పుడు అమ్మ తీసి మళ్లీ కొత్త చొక్కాలో పెడుతోంది. పండక్కి పోయినప్పుడు ఊళ్లో పదకొండు మందికి నా ఫోనులోనే చూపించాను, వాళ్ల ఓటీపీ వాళ్ల చేతే కొట్టించి. ఇద్దరి పేరు మీద తెలియని నంబర్లు బయటపడ్డాయి. ఇద్దరూ అదే సంతలో, అదే గొడుగు కింద సిమ్ములు తీసుకున్నవాళ్లే.

పోయేవాళ్లు పదిన్నర తర్వాత పోండి, అంతకు ముందు తెరవడు. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు మూస్తాడు. ఆధార్ కార్డుతో పాటు, ఓటీపీ వచ్చే ఫోను కూడా దగ్గర పెట్టుకోండి, మేము రెండోసారి పోయినప్పుడు అమ్మ తన ఫోను ఇంట్లో చార్జింగుకు పెట్టి వచ్చింది, మళ్లీ ఖాజీపేట దాకా బస్సు ఎక్కాల్సి వచ్చింది.